తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు కథ

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది చెన్నైలో పెరంబూరు. మా తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగే, బడిలో చదివిందంతా తమిళమే. నాకు తెలుగు చదవడం, రాయడం రాదు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా కోడలు టైప్ చేస్తోంది, ఆమెది ఒంగోలు. నాలుగేళ్లుగా కథలు రాసుకుంటున్నాను. తెలుగు కథలే, కానీ తమిళ అక్షరాల్లో. మా చుట్టుపక్కల తెలుగువాళ్లం ఎనిమిది తొమ్మిది మందిమి నెలకోసారి ఒకరింట్లో కూర్చుని రాసినవి చదువుకుంటాం, వాటి గురించి మాట్లాడుకుంటాం. పోయిన నెల మొదటిసారి నేను చదివాను. 34 నిమిషాలు పట్టింది. అవగానే అందరూ బాగుంది, బాగుంది అన్నారు. ఒక పెద్దాయన మాత్రం "ఇది కథ కాదమ్మా, వ్యాసం. ముందు అక్షరాలు నేర్చుకో, కథలు తర్వాత రాద్దువుగాని" అన్నారు. నేను బిందెను 'కొడం' అన్నందుకు ఇంకొకరు నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెల మా ఇంట్లోనే కూర్చోవాలి. నేను మళ్లీ చదవచ్చా? అక్షరాలు వచ్చేదాకా ఆగాలా? ఇంటివాళ్లుగా చర్చ ఎలా నడపాలో కూడా చెప్పండి. ఆ రోజు కోడలు ఫోన్‌లో రికార్డు చేసింది, పంపిస్తున్నాను.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: అమ్మా, మీ రికార్డింగు రెండుసార్లు విన్నాను. మొదటిసారి మీ కథ కోసం, రెండోసారి ఆ గది కోసం. ముందు మీరడిగినదానికి జవాబు చెప్పేస్తాను. చదవండి. వచ్చే నెలే, మీ ఇంట్లోనే చదవండి. అక్షరాలు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మీ నిద్ర పోగొట్టింది ఆ అక్షరాల మాటే అనిపిస్తోంది కాబట్టి అది ముందు తేల్చుకుందాం. గిడుగు రామమూర్తిగారు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం తెలుగు అక్షరాల్లో సవర పుస్తకాలు రాశారు. తెలుగు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన అందులోది తెలుగైపోలేదు, సవర భాషే. అంతదూరం ఎందుకు, మీ ఊళ్లోనే చూడండి. డిసెంబరు కచేరీల్లో త్యాగరాజ కీర్తనలు పాడేవాళ్లలో ఎంతమంది వాటిని తమిళ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నారు! ఆ నోటుబుక్కు చూసి ఇది తెలుగు పాట కాదని ఎవరూ అనరు. మరి మీ కథను మాత్రం ఎందుకనాలి?

ఒక ఇబ్బంది మాత్రం నిజంగానే ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. గాలి అని రాసినా, కాలి అని రాసినా కాగితం మీద తేడా ఉండదు. బండి, పండి కూడా అంతే. రాసింది మనమే కదా, నోరెందుకు తప్పుతుంది అనుకుంటాం. కానీ 12వ నిమిషం దగ్గర మీరు "కాలి" అని ఆగి, మళ్లీ "గాలి ఆడటం లేదు" అని దిద్దుకున్నారు. టెన్షన్‌లో కళ్లు ముందు పరిగెడతాయి, అర్థం వెనక పడుతుంది. తమిళ లిపిలో అచ్చయిన కీర్తనల పుస్తకాల్లో దీనికో ఉపాయం ఉంది, మీరూ చూసే ఉంటారు. అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. మీరు ప్రతి అక్షరానికీ వెయ్యక్కర్లేదు. తడబడే చోట మాత్రం ఎర్ర పెన్నుతో ఒక 3 వేసుకోండి, చాలు. ఎప్పుడైనా మీకు గొంతు బాగోలేకపోతే, ఆ అంకెలు చూసుకుని ఇంకొకరు మీ కథ చదివిపెట్టగలుగుతారు.

అక్షరాలూ నేర్చుకోండి. కోడలు ఇంట్లోనే ఉంది, రోజుకో అరగంట చాలు. తమిళం వచ్చినవాళ్లకు తలకట్టు, దీర్ఘం, గుడి అన్న ఆలోచన కొత్తది కాదు, ఒత్తుల దగ్గరే కాస్త కష్టం. అయితే అది మీ సంతోషం కోసం, ఇంకొకరి కథ మీ అంతట మీరు చదువుకోవడం కోసం. పదిమందిలో కథ చదవడానికి పాసవ్వాల్సిన పరీక్ష కాదది.

ఇంకా చెప్పాలంటే, కథలు చదువుకునే ఇలాంటి కూడికలు మీ ఊరికి మిగతా ఊళ్లకన్నా ఎక్కువ అవసరం. విజయవాడలోనో వరంగల్‌లోనో కథ నచ్చితే పుస్తకం కొనుక్కుని చదువుకుంటారు. చెన్నైలో ఎన్నో ఇళ్లల్లో తెలుగు చెవికే ఉంది, కంటికి లేదు. 2006లో చట్టం వచ్చాక 1వ తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం అందరికీ తప్పనిసరి అయింది. దాంతో తెలుగు చదవగలిగే పిల్లలు ఇంకా తగ్గారు. వాళ్లకు తెలుగు కథ అందాలంటే ఎవరో ఒకరు పైకి చదవాలి. వేరే దారి నాకు కనిపించడం లేదు. ఇది మీ ఊరికి కొత్తా కాదు. పానగల్ పార్కులో సాయంత్రాలు మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చుట్టూ రచయితలు చేరేవారని ఆనాటివాళ్లు ఎంత ప్రేమగా రాసుకున్నారో! 1938లో మొదలైన మద్రాసు రేడియో కేంద్రాన్ని, 1948లో విజయవాడ కేంద్రం వచ్చేదాకా, ఆంధ్ర జిల్లాల వాళ్లు తెలుగు కోసం చెవులు రిక్కించి వినేవారు. సినిమావాళ్లు తరలిపోయారు, పత్రికలు పోయాయి. పెరంబూరులో ఎనిమిది కుర్చీలు మిగిలాయి. అవి నాకు తక్కువగా కనిపించడం లేదు.

ఇక "ఇది కథ కాదు, వ్యాసం" అన్న మాట. మీ ఓదార్పు కోసం ఆ మాట పూర్తిగా తప్పని చెప్పలేను, ఎందుకంటే ఆ గది కూడా కొంతసేపు ఆయన మాటే చెప్పింది.

మీరు పంపిన రికార్డింగులో మీ గొంతుతో పాటు చాలా వినిపిస్తాయి. మొదటి 9 నిమిషాలు మీరు 2019 ఎండాకాలం గురించి చదివారు. పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు ఎలా ఎండిపోయాయో, మెట్రో వాటర్ లారీ కోసం ఎన్ని గంటలు కాచుకున్నారో అంతా ఉంది. అదంతా నిజమే. కానీ ఆ తొమ్మిది నిమిషాల్లో దగ్గులున్నాయి. కుర్చీ లాగిన చప్పుడుంది. ఎవరిదో ఫోన్ మోగింది. ఆ నీళ్ల కరువు అక్కడ కూర్చున్న అందరూ పడ్డదే. వాళ్లకు తెలిసిందే వాళ్లకు చెబుతున్నారు.

10వ నిమిషంలో మీ ముసలావిడ వస్తుంది. తెల్లవారుజామున లేచి తన కొడం వరసలో పెడుతుంది. పక్కనే, ఎప్పటిలాగే, పక్కింటి సరోజ కొడం కూడా పెడుతుంది. సరోజ పోయి అప్పటికి పదకొండు రోజులు. వరసలో ఉన్నవాళ్లు చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. లారీ వస్తుంది, రెండు కొడాలూ నిండుతాయి. తన కొడం చంకన పెట్టుకుని, రెండోదాని ముందు నిలబడిపోతుంది. అక్కడ దగ్గులు లేవమ్మా. ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే. అప్పుడు ఎవరో ఆడమనిషి గొంతు, బాగా సన్నగా, "అయ్యో, అది ఎక్కడికి మోస్తుంది?" అంది. మీకు వినిపించి ఉండదు, మీరు చదువుతున్నారు కదా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 29వ నిమిషం దగ్గర వినండి.

ఆ తర్వాత ఇంకో 5 నిమిషాలు చదివారు. ఇరుగుపొరుగు అంటే ఏమిటి, ఈ కాలం మనుషులు ఎలా తయారయ్యారు అని. మళ్లీ కుర్చీలు కదిలాయి.

ముందు 9, చివర 5. ఆ పద్నాలుగు నిమిషాలకు ఆ పెద్దాయన పెట్టిన పేరు సరైనదే. మధ్యలోని 20 నిమిషాలకు కూడా అదే పేరు పెట్టడం ఆయన తప్పు. దాన్ని అక్షరాలతో ముడిపెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. కానీ ఆ మాటను మొత్తం కథ మీద తీర్పులా మోసుకు తిరగకండి. ఆ 20 నిమిషాలు చాలా మంచి కథ. అది విన్నాకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నా సంగతి ఒకటి చెబుతాను. ఇరవై ఆరేళ్లప్పుడు మద్రాసులోనే ఒకరింట్లో నా కథ చదివాను. నాలుగో పేజీలో ఒక పిల్ల తండ్రి మీద అలిగి కంచం ముందు నుంచి లేచిపోతుంది. తర్వాత పన్నెండు పేజీలు పెద్దవాళ్ల గొడవే. చదవడం అయ్యాక రచయితలు శిల్పం గురించి, దృక్పథం గురించి చాలాసేపు మాట్లాడారు. అందరికీ కాఫీ తెచ్చిన ఆ ఇంటి పెద్దావిడ గ్లాసు నా చేతికిస్తూ "ఇంతకీ ఆ పిల్ల అన్నం తిన్నదా అమ్మా?" అంది. నేను ఆ పిల్లను మర్చేపోయాను. ఇంటికెళ్లి కథ మళ్లీ రాశాను, ఆ పిల్ల అన్నం చుట్టూ. పోయిన నెల మీ కథ విన్న ఆ సన్నని గొంతు అలాంటిదే. "బాగుంది"ల మధ్య అది కొట్టుకుపోయింది.

కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది: ముసలావిడ కొడం పెట్టే చోట మొదలుపెట్టండి. చెరువుల పేర్లు కావాలంటే వరసలో నిలబడ్డవాళ్ల మాటల్లో ఒకటి రెండు వస్తాయి, అంతకన్నా వద్దు. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అది మొదలవడమే రాత్రిపూట వీధి తలుపు దగ్గర మొగుడి పిలుపుతో. ఆయన ఎవరు, ఎక్కణ్ణుంచి వస్తున్నాడు, భార్య ఏమైంది అన్నవన్నీ తర్వాత. వినేవాళ్ల చెవి ఆ తలుపు దగ్గరే పట్టుబడిపోతుంది. మీకు కొడం ఉంది. ఇక చివర, నిండిన కొడం ముందు ఆవిడ నిలబడ్డ చోట ఆపెయ్యండి. ఎక్కడికి మోస్తుందో మీరు చెప్పకండి.

'కొడం' అన్న మాట మార్చకండి. మీ ముసలావిడ జీవితంలో ఎప్పుడూ 'బిందె' అని ఉండదు. మీకు ఉత్తరాన పులికాట్ సరస్సు ఉంది కదా, దాన్ని అక్కడి తెలుగువాళ్లు ప్రళయకావేరి అంటారు. స.వెం. రమేశ్‌గారు 'ప్రళయకావేరి కథలు' ఆ నేల తెలుగులోనే రాశారు. ఆ మాటలు ఎప్పుడూ వినని వాళ్లు కూడా ఆ కథలు చదివి ఎంత మురిసిపోయారో నాకు తెలుసు. మీ రికార్డింగులో నవ్వు 'కొడం' మొదటిసారి వచ్చినప్పుడే వినిపించింది. రెండోసారికి లేదు. పదోసారికి అది వాళ్ల మాట కూడా అయిపోయింది.

చదవడం గురించి కొంచెం. కాగితం మీద కంటికి కనిపించేవి కొన్ని చెవికి కనిపించవు. మాటల చుట్టూ మనం పెట్టుకునే కొటేషన్ గుర్తులు వినబడవు. అందుకే ఇద్దరు మాట్లాడుకునే చోట ఎవరి మాట ఎవరిదో తెలిసేలా ఒక 'అంది', ఒక పిలుపు ఉండాలి. మీ ఇష్టం వచ్చినన్ని మూడు చుక్కలు పెట్టుకోండి, వినేవాళ్లకు చేరేది మీరు ఆగినంతే. కాలం మారిన చోట రెండు ఊపిర్లు ఆగండి, వాళ్లే అర్థం చేసుకుంటారు. పేర్లు ఇంకో చిక్కు. మీ కథలో సరోజ, సరస, సరళ ముగ్గురున్నారు. చదివే కంటికి ఫర్వాలేదు, వినే చెవికి ముగ్గురూ ఒకటే. 16వ నిమిషంలో ఎవరో "ఎవరూ?" అని పక్కవాళ్లను అడిగారు కూడా. సరోజను ఉంచుకుని మిగతా ఇద్దరిలో ఒకరిని కన్నమ్మ చెయ్యండి, ఇంకొకరికి అసలు పేరే అక్కర్లేదు, 'మేడ మీదావిడ' చాలు.

తొందరపడకుండా చదివితే నిమిషానికి వంద, నూట పది మాటలకు మించి నడవవు. నేను గడియారం పెట్టుకుని చూసుకున్న లెక్క ఇది. మీ 20 నిమిషాల కథ రెండు వేల మాటలు. ఒకరు కూర్చుని శ్రద్ధగా వినడానికి అది సరిగ్గా సరిపోతుంది. మరి మీరు ఎక్కడ తొందరపడ్డారో తెలుసా? అన్నిటికన్నా ముఖ్యమైన చోట. కొడం ముందు నిలబడిపోయిన ఆ మూడు వాక్యాలు మీరు 11 సెకన్లలో దాటేశారు. అది చదవడానికి మీకే భయమేసిందని నాకు అర్థమైంది. ప్రతి వాక్యం తర్వాత కాగితం మీద ఒక నిలువు గీత గీసుకోండి. గీత దగ్గర తలెత్తి ఎవరో ఒకరి మొహం చూడండి, తర్వాత వాక్యానికి రండి.

ముందు ఇంట్లో ఒకసారి చదవండి. కోడలిని ఎదురుగా కూర్చోబెట్టి కాదు, అలాగైతే ఆమె మర్యాదకు వింటుంది. సాయంత్రం ఆమె కూరగాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో కూర్చుని చదవండి. కత్తిపీట ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ మొదలైందో మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. ఇంతకన్నా నిజాయితీ ఉన్న విమర్శ నాకు ఎక్కడా దొరకలేదు.

ఇక చర్చ. మీరు ఇంటివాళ్లు కాబట్టి ఈసారి పద్ధతి మీ చేతిలో ఉంది. రోజుకు రెండు కథలే పెట్టండి. నాలుగు పెడితే నాలుగో కథ పాపం అందరి ఆకలికీ బలైపోతుంది. కాఫీ, సుండల్ చర్చ అయ్యాక తెండి. మీ రికార్డింగులో "బాగుంది బాగుంది" అంటుండగానే ప్లేట్ల చప్పుడు మొదలైంది, ఆ తర్వాత ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? పక్కింటి కుక్కర్ విజిల్ వేళ కూడా చూసుకోండి, అది 20వ నిమిషంలో మూడుసార్లు కూసింది.

'బాగుంది' అన్నది చర్చ కాదు. అలాగని వద్దనలేం, మనవాళ్లకు అది మర్యాద. అందుకని ప్రశ్ననే మార్చండి. కథ ఎలా ఉందని అడగకండి. "కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తోంది, ఒక్కటి చెప్పండి" అని వరసగా అడగండి. ఒకరు లారీ పైపు అంటారు, ఒకరు ఆవిడ తడిసిన కుచ్చిళ్లు అంటారు. అభిప్రాయం చెప్పమంటే బిగుసుకుపోయేవాళ్లు కూడా దీనికి జవాబు చెబుతారు. రెండో చుట్టులో "మీ మనసు ఎక్కడ పక్కకు పోయింది?" అని అడగండి. మనసు పక్కకు పోవడం వినేవాళ్ల తప్పు కాదు, అది చెప్పడం అవమానించడమూ కాదు. ఇది మీరే ముందు నవ్వుతూ చెప్పెయ్యండి. చదివినవాళ్లు అప్పటిదాకా నోరు విప్పకూడదు. ఇది చాలా కష్టం. "నేను అలా ఎందుకు రాశానంటే" అని నాలుక చివరిదాకా వస్తుంది. మింగెయ్యండి. కాగితం మీద రాసుకుంటూ ఉంటే నోరు అదుపులో ఉంటుంది, తమిళంలోనే రాసుకోండి. చివర్లో మీరు ఒకటో రెండో ప్రశ్నలు అడగవచ్చు. ఎవరైనా "నేనైతే ఇలా రాసేవాడిని" అని మొదలుపెడితే, "అది మీ కథ కదండీ, వచ్చే నెల మీరు రాసుకురండి" అని పిలవండి. నిజంగానే పిలవండి, మంచి కథ రావచ్చు.

ఆ పెద్దాయనను మానెయ్యమనకండి. అంతకాలం చదివిన మనిషి, ఆయన మీకు కావాలి. ముందురోజు ఫోన్ చేసి, "అయ్యా, మీరు మొదట చెబితే ఆ తర్వాత ఎవరూ నోరు తెరవరు, మీరంటే అంత గౌరవం. అందుకని ఈసారి చివర్న చెప్పండి" అనండి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన మళ్లీ ఇది కథ కాదంటే, "ఏ చోట కథ కాకుండా పోయింది, ఆ చోటు చూపించండి" అని కాగితం ఆయన ముందు పెట్టండి. తమిళం ఆయనా చదవగలరు కదా. వేలు పెట్టి చూపించిన విమర్శ ఎంత కఠినమైనా పనికొస్తుంది.

ఇంకొక్క పని, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. 29వ నిమిషంలోని ఆ సన్నని గొంతు ఎవరిదో మీ కోడలికి వినిపించి కనుక్కోండి. రచయిత్రి కాకపోవచ్చు, ఎవరికో తోడుగా వచ్చినావిడ అయి ఉండవచ్చు. ఆమెను మీరే స్వయంగా వెళ్లి పిలవండి, కుర్చీ మీకు ఎదురుగా వెయ్యండి. మీరు చదవడం ఆపాక అందరికన్నా ముందు ఆమెనే అడగండి, ఆవిడ ఆ కొడం ఎక్కడికి మోస్తుందనుకున్నారు అని.